లైనింగ్ ఉన్న జిప్పు పౌచ్: జిప్పు చివర్లలో మూలలు లోపలికి నొక్కుకుపోతున్నాయి, 21 కుట్టాలి

తెనాలి కుట్లు
సోమవారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. బ్లౌజులు, పిల్లల గౌన్లు కుడతాను కానీ జిప్పు పని ఎప్పుడూ పెద్దగా చేయలేదు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి వచ్చే ముత్తైదువులకు ఈసారి స్టీలు గిన్నెలు కాకుండా నా చేత్తో కుట్టిన పౌచ్ తాంబూలంలో పెట్టి ఇవ్వాలని కోరిక. 21 కావాలి. పెడన కలంకారీ గుడ్డ రెండుంపావు మీటర్లు తెచ్చుకున్నాను, లోపలికి మెరూన్ పాప్లిన్. కుంకుమ పొట్లం పెట్టుకున్నా మరక తెలియదని ఆ రంగు తీసుకున్నాను.

పై గుడ్డ రెండు ముక్కలు, లైనింగ్ రెండు ముక్కలు, అన్నీ 10 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు. జిప్పు కూడా సరిగ్గా 10 అంగుళాలే. పై గుడ్డ వెనక మొత్తం, గుడ్డ గట్టిగా నిలబడేందుకు ఇస్త్రీతో అంటించే పొర ఉంటుంది కదా, ఆ బక్రం వేశాను. జిప్పు దగ్గర పావు అంగుళం, పక్కలు, అడుగు అర అంగుళం వదిలి కుట్టాను.

పాత గుడ్డతో ఒకటి, ఈ కలంకారీతో ఒకటి చేసి చూశాను. రెండింటికీ ఒకటే ఇబ్బంది. తిప్పాక జిప్పు రెండు చివర్లలో మూలలు నిలబడకుండా లోపలికి గుంటలు పడుతున్నాయి. పెన్సిల్ పెట్టి తోసినా రావడం లేదు. లోపల లైనింగ్ సంచిలా వదులుగా ముద్దకట్టింది. రెండోదానికి జిప్పు అలలు అలలుగా వచ్చింది. పక్క కుట్టు వేస్తుంటే జిప్పు పళ్ళ మీద సూది ఒకటి విరిగింది కూడా.

మిషన్ మా అత్తగారిది, తొక్కుడు మిషన్. వ్రతానికి ఇంకా నాలుగు వారాలు ఉంది. పొరపాటు ఎక్కడో చెప్పగలరా?


సీదా ఉల్టా
సోమవారం, రాత్రి 10:25

తెనాలి చెల్లీ, నేను వరంగల్‌లో 22 ఏళ్ళుగా కుడుతున్న. నీ కొలతల్లోనే జవాబు ఉంది. గుడ్డ 10, జిప్పు 10 అంటే జిప్పు కొసలు రెండూ పక్క కుట్టులోకి పోయినట్టే. ఆ ఒక్క చోట ఎన్ని పొరలు ఉన్నయో లెక్కపెట్టు. పై గుడ్డ రెండు, దాని బక్రం రెండు, లైనింగ్ రెండు, వాటి మడతలు, మధ్యల జిప్పు పట్టీ, పళ్ళు. అంత దళసరి తిరగమంటే ఎట్ల తిరుగుతది? పెన్సిల్‌తో తోస్తే గుడ్డ చిరుగుతది గాని మూల రాదు. నీ సూది విరిగింది కూడా అక్కడనే.

జిప్పును పక్క కుట్టు దాకా రానియ్యద్దు. కొసలకు చిన్న గుడ్డ ముక్కలు తొడుగు. మేము వాటిని జిప్పు చెవులు అంటం. పక్క కుట్టు ఆ చెవి మీద పడాలె, జిప్పు మీద కాదు.


తెనాలి కుట్లు
సోమవారం, రాత్రి 10:40

అక్కా, చెవులు ఎంత పెద్దవి పెట్టాలి? జిప్పు ఎంతకు కోయాలి? ఈ 10 అంగుళాల కొలతకే చెప్పండి, రేపు పొద్దున్నే చేస్తాను.


సీదా ఉల్టా
సోమవారం, రాత్రి 11:05

రాసుకో. జిప్పు ముప్పావు తక్కువ తొమ్మిది కాదు, ఎనిమిదిముప్పావు. 8¾ అంగుళాలు. అంటే అటు ఇటు గుడ్డ అంచు నుంచి 5/8 అంగుళం దూరంల జిప్పు ఆగుతది. నీ పక్క కుట్టు అర అంగుళం మీద ఉంది కాబట్టి సూది జిప్పుకు తగలదు.

చెవికి గుడ్డ జిప్పు పట్టీ అంత వెడల్పు, రెండున్నర అంగుళాల పొడవు. పొడవుల అటు పావు, ఇటు పావు లోపలికి మడిచి ఇస్త్రీ చెయ్యి. మళ్ళ సగానికి మడువు. ఒక అంగుళం చెవి తయారైతది. దాని నోట్ల జిప్పు కొసను 3/8 అంగుళం దూర్చి అంచు వెంబడి ఒక కుట్టు వెయ్యి. రెండు పక్కలా వేసినంక మొత్తం పొడవు కొలిస్తే మళ్ళ 10 రావాలె.

తర్వాత నువ్వు చేసినట్టే. పై గుడ్డ సీదా, అంటే పైకి కనపడే మొఖం, దాని మీద జిప్పు బోర్లా పెట్టు, దాని మీద లైనింగ్ సీదా కిందికి పెట్టు, మూడూ కలిపి ఒక కుట్టు. రెండో పక్కకు కూడా అంతే. ఒక్కో పక్క కాంగనే గుడ్డలను జిప్పు నుంచి వెనక్కి తిప్పి, ఇస్త్రీ చేసి, అంచు పక్కన పై కుట్టు వెయ్యి. ఆ పై కుట్టు వేయకపోతే లైనింగ్ పోయి రన్నర్ల, అంటే జిప్పు తీసి వేసే ముక్కల, ఇరుక్కుంటది. ఆడోళ్ళు పర్సులు మూలకు పడేసేది చాలా వరకు అందుకే.


డల్లాస్ దారం
మంగళవారం, ఉదయం 6:15

అక్క చెప్పిన చెవులే సరైన మందు. ఇంకో విషయం కలపనా? బక్రం గుడ్డ మొత్తానికి వేశానన్నారు కదా. దాన్ని కుట్టు వదిలిన భాగంలోకి రానివ్వకండి. మీ కొలతకు బక్రం 9 అంగుళాల వెడల్పు, ఆరుంపావు ఎత్తు కోసి మధ్యలో అంటిస్తే చాలు. పక్క కుట్టులో ఒకేసారి రెండు పొరలు తగ్గుతాయి.

అంటించేటప్పుడు ఇస్త్రీ పెట్టెను చీర మీద లాగినట్టు లాగకూడదు. పెట్టి, నొక్కి, పదీ పన్నెండు సెకన్లు ఆగి, ఎత్తి పక్కన పెట్టాలి. లాగితే గుడ్డ సాగిన స్థితిలోనే బక్రం అంటుకుపోతుంది. పూర్తిగా చల్లారే వరకు కదపకండి. జిగురు చల్లారాకే పట్టు వస్తుంది.

లైనింగ్ ముద్దకట్టడానికి కారణం రెండు సంచులూ ఒకే కొలతలో ఉండడం. లోపలి డబ్బా బయటి డబ్బా కంటే చిన్నదైతేనే కదా అమరుతుంది. ముక్కలు ఒకే కొలతకు కోయండి, లైనింగ్ పక్కలు, అడుగు కుట్టేటప్పుడు మాత్రం అర అంగుళం కాకుండా 5/8 అంగుళం మీద కుట్టండి. జిప్పు దగ్గర అర అంగుళంతో మొదలుపెట్టి, ఒక అంగుళం దిగేలోపు మెల్లగా లోపలికి జరగండి. తేడా అంత చిన్నదే, పౌచ్ తెరిచినప్పుడు మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.


పెడన అచ్చులు
మంగళవారం, ఉదయం 8:30

తెనాలి గారూ, కోసే ముందు గుడ్డ తడిపారా? మీరు ఆ సంగతి రాయలేదు, అందుకే అడుగుతున్నాను. మాది పెడనే. మా ఇంట్లో మూడు తరాలుగా అచ్చు పనే.

రెండో పౌచ్‌లో జిప్పు అలలు రావడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. మీరు ఆవిరి ఇస్త్రీ గాని, నీళ్ళు చిలకరించి గాని బక్రం అంటించి ఉంటే గుడ్డ అక్కడికక్కడే కొంత లాగుతుంది. ఇప్పుడు రాకపోయినా మొదటి ఉతుకులో వస్తుంది. నూలు గుడ్డ కుంచించుకుపోతుంది, జిప్పు పట్టీ పాలిస్టర్ కాబట్టి అది ఉన్నంత పొడవే ఉంటుంది. గుడ్డ దగ్గరై జిప్పు దగ్గర కాకపోతే జిప్పు మెలికలు తిరగక తప్పదు. పాప్లిన్‌కూ ఇదే మాట. రెండూ విడివిడిగా ఒక రాత్రి చన్నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేయండి.

రంగు గురించి. అసలు సహజ రంగుల అచ్చు గుడ్డ అయితే గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతాం. పాలల్లో ఉండే కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. నలుపు ఇనుప తుప్పు, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళ నుంచి వస్తుంది. ఎరుపుకు పటిక వేసి అచ్చు కొట్టి తర్వాత ఉడికిస్తాం. పారే నీళ్ళలో ఉతికి, మళ్ళీ ఉడికించి, ఇన్నిసార్లు నీళ్ళు తాగిన గుడ్డ మీ ఇంటికి వస్తుంది కాబట్టి రంగు పెద్దగా పోదు, మొదట్లో కొంచెం పసుపు నీళ్ళు వస్తాయి. బజారులో కలంకారీ అని అమ్మేది చాలా వరకు స్క్రీన్ ప్రింటు. అది ఎలా ప్రవర్తిస్తుందో తడిపి చూస్తేనే తెలుస్తుంది. అచ్చు గుడ్డ అయితే అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు దగ్గర నూలుపోగంత తేడా కనిపిస్తుంది. గుడ్డ వెనక్కి కూడా రంగు దిగి ఉంటుంది.

ఇంకొక్కటి. నలుపు బాగా నిండిన అచ్చు చోట ఏళ్ళు గడిచేకొద్దీ గుడ్డ బలం తగ్గుతుంది. ఇనుము చేసే పని అది. అందుకని నల్లటి గీత సరిగ్గా జిప్పు అంచు మీదకు రాకుండా ముక్కలు సర్దుకుని కోయండి.


తెనాలి కుట్లు
మంగళవారం, ఉదయం 9:10

తడపలేదండీ. బక్రం మీద నీళ్ళు చిలకరించి మరీ ఇస్త్రీ చేశాను. ఇప్పుడే వెళ్ళి మిగతా గుడ్డ నానేస్తున్నాను. మీరు చెప్పకపోతే 21 పౌచులూ ఇచ్చేసి, వాళ్ళు ఉతుక్కున్నాక తెలిసేది.

వెనక్కి రంగు దిగింది. అతుకుల దగ్గర తేడా కూడా ఉంది. అచ్చు గుడ్డే!

ఒక అనుమానం. రెండుంపావు మీటర్లు తడిపాక తగ్గితే 21కి సరిపోతుందా? ట్రయల్‌కు ఇప్పటికే ఒక వరస వాడేశాను.


కత్తెర చప్పుడు
మంగళవారం, ఉదయం 11:40

లెక్క చూద్దాం. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, 44 అంగుళాలు ఉంటుంది. తడిశాక 42కి వచ్చినా అడ్డంగా 10 అంగుళాల ముక్కలు నాలుగు వస్తాయి. 21 పౌచులకు 42 ముక్కలు, అంటే 11 వరసలు, వరసకు 7 అంగుళాలు, మొత్తం 77 అంగుళాలు. మీ గుడ్డ సుమారు 88 అంగుళాలు. ట్రయల్‌కు ఒక వరస పోతే 81. నూటికి నాలుగైదు వంతులు కుంచించుకున్నా 77 దగ్గర ఆగుతుంది. అంచుకు అంచు సరిపోయేలా ఉంది కాబట్టి తడిపాక కొలవకుండా కత్తెర పెట్టొద్దు. తగ్గితే ఎత్తు ఆరుముప్పావుకు దించండి.

మీరు ట్రయల్‌లో ఒక్క పౌచే కుట్టారు కనుక ఆ వరసలో రెండు ముక్కలు మిగిలే ఉండాలి. వాటినీ లెక్కలో కలపండి. పువ్వుకో నెమలికో తల పైకి, కాళ్ళు కిందికి ఉన్న అచ్చు అయితే అన్ని ముక్కలూ ఒకే దిక్కున కోయాలి.

చెవులకు పక్కన మిగిలే పట్టీ వాడండి. జిప్పు రన్నింగ్ రోల్‌లో మీటర్ల లెక్కన కొనండి, 21 × 8¾ అంటే దాదాపు 4.7 మీటర్లు, 5 తీసుకోండి. రన్నర్లు విడిగా 25.


తొక్కుడు మిషన్
మంగళవారం, సాయంత్రం 5:00

అమ్మా, నేను రాజమండ్రిలో కుట్టుమిషన్లు బాగుచేసేవాణ్ణి. ఇప్పుడు వయసు మీద పడి ఇంట్లోనే ఉంటున్నాను. గుడ్డ సంగతి వీళ్ళంతా బాగా చెప్పారు. మిషన్ సంగతి నేను చెబుతాను.

ఇళ్ళల్లో వాడే తొక్కుడు మిషన్లకు సాధారణంగా హెచ్‌ఏ ఒకటి రకం సూది పడుతుంది. దానికి పైన ఒక పక్క చదునుగా ఉంటుంది. షాపులో పవర్ మిషన్ సూది ఇస్తే దాని కాడ గుండ్రంగా ఉంటుంది, అది పెట్టకు. ఇన్ని పొరలకు 16వ నంబరు సూది వేసుకో. బ్లౌజులకు వాడే 11వ నంబరు ఇక్కడ వంగిపోయి కుట్టు జారవిడుస్తుంది. సూదికి ఒక పక్క పొడవాటి గాడి ఉంటుంది చూడు. దారం ఎటు నుంచి ఎక్కిస్తావో గాడి అటే ఉండాలి. సగం కుట్టు జారుళ్ళు సూది తిరగబెట్టడం వల్లే వస్తాయి.

పాదం సంగతి. పాదం అంటే సూది దగ్గర గుడ్డను నొక్కి పట్టే మిషన్ భాగం. మామూలు పాదంతో జిప్పు పక్కన కుడితే పాదం ఒక కాలు పళ్ళ మీదకెక్కి, గుడ్డ పక్కకు జారి కుట్టు వంకర పోతుంది. సింగిల్ పాదం అని అడుగు, ఒక కాలే ఉంటుంది. కుడి పక్కది, ఎడమ పక్కది రెండూ ఉంచుకుంటే సుఖం.

రన్నర్ దగ్గరకొచ్చినప్పుడు దాని పక్కనుంచి తిప్పి కుట్టడానికి ప్రయత్నించకు. జిప్పు సగం తెరిచి మొదలుపెట్టు. రన్నర్‌కు రెండంగుళాల ముందు సూదిని గుడ్డలో దింపి ఉంచి, పాదం ఎత్తి, రన్నర్‌ను వెనక్కి లాగేసి, పాదం దించి మిగతాది కుట్టు. సూది దిగి ఉంటే గుడ్డ కదలదు.

చెవి మీదకి ఎక్కేటప్పుడు పాదం ముందు భాగం పైకి లేస్తుంది, అక్కడ కుట్లు దగ్గర దగ్గరగా కుప్పపడతాయి. అలాంటి చోట పాదం వెనక భాగం కింద అదే మందానికి మడిచిన గుడ్డ ముక్క పెట్టు. పాదం సమంగా నిలబడి మెట్టు ఎక్కుతుంది. అక్కడ చక్రం చేత్తో తిప్పు, కాలు వాడకు.

బక్రం జిగురు సూదికి పట్టుకుంటుంది. నాలుగైదు పౌచులకోసారి తడి గుడ్డతో సూది తుడువు.


హాస్టల్ సూది
మంగళవారం, రాత్రి 8:20

నేను విశాఖలో హాస్టల్‌లో ఉంటాను, మిషన్ లేదు. చేత్తో కుడితే ఇది నిలుస్తుందా? మా అమ్మ పుట్టినరోజుకు కళ్ళజోడు పెట్టుకునే పౌచ్ ఒకటి ఇవ్వాలని ఉంది.


సీదా ఉల్టా
మంగళవారం, రాత్రి 8:45

నిలుస్తది బిడ్డా. మిషన్‌లు రాకముందు అందరూ చేత్తోనే కుట్టిండ్రు. పక్కలు, అడుగు వెనక కుట్టు వెయ్యి. సూది ముందుకు తీసి, సగం వెనక్కి గుచ్చి, మళ్ళ ముందుకు తియ్యాలె. ముందుకు పోయే మామూలు కుట్టు వేస్తే లాగినప్పుడు సందులు కనపడతయి. దారానికి కొవ్వొత్తి రాసి వాడు, చిక్కుపడదు.

జిప్పుకు కూడా అదే కుట్టు, కాకపోతే పైకి కనిపించే కుట్టు నువ్వుగింజంత చిన్నగా ఉండాలె. చాలా అందంగ వస్తది. మిషన్ కుట్టుకంటే నాకు అదే ఇష్టం.


డల్లాస్ దారం
బుధవారం, ఉదయం 6:40

కళ్ళజోడు పౌచ్‌కు పై గుడ్డకూ లైనింగ్‌కూ మధ్య పలుచటి దూది పట్టీ పెట్టమ్మా, గీతలు పడవు. లైనింగ్‌కు ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర ముక్క అయితే ఇంకా మంచిది. తెనాలి గారూ, మీరూ లైనింగ్‌కు పాత చీరలు వాడొచ్చు, పాప్లిన్ ఖర్చు కలిసొస్తుంది.


తెనాలి కుట్లు
బుధవారం, ఉదయం 7:30

అమ్మ కోసం కుట్టేదానికి పాత చీర అయితే ఆ పిల్లకు చాలా బాగుంటుంది. నావి మాత్రం వాయనంలో ఇచ్చేవి కదండీ, కట్టి విడిచిన గుడ్డ అందులో కలపకూడదు. మా అత్తగారు కూడా అదే అన్నారు. ఒక్క పౌచ్ మాత్రం నా కోసం మా అమ్మ మంగళగిరి చీర కొంగుతో కుట్టుకుంటాను.


డల్లాస్ దారం
బుధవారం, ఉదయం 7:50

నిజమే, వాయనం సంగతి నాకు తట్టలేదు. కొత్త పాప్లినే సరైనది.


తెనాలి కుట్లు
శనివారం, రాత్రి 10:15

మళ్ళీ వచ్చాను. గుడ్డలు తడిపి ఆరేశాను. కలంకారీ 82 అంగుళాలు ఉన్నది 78 అయింది. పన్నా 42½. కత్తెర చప్పుడు గారి లెక్క సరిపోయింది, 11 వరసలూ వచ్చాయి.

చెవులు పెట్టి, బక్రం తగ్గించి, సింగిల్ పాదంతో ఒకటి కుట్టాను. జిప్పు గీత గీసినట్టు వచ్చింది. లైనింగ్ లోపల హత్తుకుని ఉంది. ఒక పక్క మూల చక్కగా నిలబడింది, రెండో పక్క మాత్రం ఇంకా చిన్న గుంట ఉంది. రెండూ ఒకేలా కుట్టానని అనుకుంటున్నాను. మళ్ళీ విప్పాలా?


సీదా ఉల్టా
శనివారం, రాత్రి 10:40

విప్పకు, ముందు లోపల చూడు. తిప్పడానికి లైనింగ్ అడుగున వదిలిన సందు ఇంకా మూయలేదు కదా. అందులోంచి గుంట ఉన్న మూల బయటికి లాగి రెండు సంగతులు చూసి చెప్పు. పక్క కుట్టు అక్కడ చెవి మీద పడిందా, లేక జిప్పు కొసను తాకిందా? పక్కలు కుట్టేటప్పుడు మడిచిన జిప్పు ఎటు తిరిగి ఉంది, పై గుడ్డ వైపా, లైనింగ్ వైపా?


తెనాలి కుట్లు
శనివారం, రాత్రి 11:00

చూశాను అక్కా. కుట్టు చెవి మీదే పడింది. జిప్పు మాత్రం బాగా వచ్చిన పక్క లైనింగ్ వైపు తిరిగి ఉంది, గుంట ఉన్న పక్క పై గుడ్డ వైపు తిరిగింది. పిన్నులు పెట్టేటప్పుడు చూసుకోలేదు.


సీదా ఉల్టా
శనివారం, రాత్రి 11:10

దొరికింది. పై గుడ్డలు రెండు సీదాకు సీదా కలిపి, లైనింగ్‌లు రెండు కలిపి పరిచినప్పుడు జిప్పు మధ్యల సగానికి మడతపడుతది. ఆ మడత రెండు పక్కలా లైనింగ్ వైపే వాలాలె. అప్పుడు పై గుడ్డల అంచులు ఒకదానికొకటి నేరుగా తగులుతయి. ఒక పక్క అటు, ఒక పక్క ఇటు వాలితే జిప్పు మెలిపడుతది, గుంట పడుతది.

ఆ మూల దగ్గర రెండు అంగుళాలు మాత్రమే విప్పి, మడత లైనింగ్ వైపు తోసి, మళ్ళ కుట్టు.  తర్వాత పక్క కుట్టు బయట మిగిలిన చెవి గుడ్డను సగానికి కత్తిరించి పారెయ్యి. అడుగు మూలలు ఏటవాలుగా కోయి, కుట్టుకు మరీ దగ్గరగా పోకు.


తెనాలి కుట్లు
ఆదివారం, ఉదయం 6:30

వచ్చింది! రెండు మూలలూ నిలబడ్డాయి. పొద్దున్నే లేచి అదే పని చేశాను. మా అత్తగారు చేతిలోకి తీసుకుని జిప్పు నాలుగుసార్లు తీసి వేసి చూశారు.

ఇక మిగతా ఇరవై. ఒక్కొక్కటీ మొదటి నుంచి చివరిదాకా కుట్టాలా, అన్నీ కలిపి చేయాలా? అడుగు వెడల్పుగా ఉండి నిలబడేలా చేయడం కూడా చెప్పండి.


కత్తెర చప్పుడు
ఆదివారం, ఉదయం 9:15

అన్నీ కలిపే చేయండి. ఒక రోజు కోత, బక్రం అంటించడం. రెండో రోజు చెవులు. చెవులు కుట్టేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటి దారం తెంపకుండా వరసగా పాదం కిందికి పంపితే తోరణంలా వస్తాయి, చివర్లో కత్తిరించుకోవచ్చు. దారమూ కాలమూ రెండూ మిగులుతాయి. తర్వాత అన్నింటికీ జిప్పు మొదటి పక్క, ఆపైన రెండో పక్క. సింగిల్ పాదం మార్చే పని ఒక్కసారే ఉంటుంది. జిప్పు రెండు పక్కలూ ఒకే దిక్కు నుంచి కుట్టండి. ఒకటి ఎడమ నుంచి, ఇంకొకటి కుడి నుంచి కుడితే గుడ్డలు ఎదురుబొదురుగా జరిగి పువ్వులు కలవవు.

పక్కలు కుట్టే ముందు ప్రతి పౌచ్‌కూ జిప్పు సగం తెరిచి ఉందో లేదో చూడండి. మూసి ఉంటే లైనింగ్ సందులోంచి చెయ్యి పెట్టి రన్నర్ వెతుక్కోవాలి, ఇరవైలో ఒకదానికైనా ఇది జరుగుతుంది.


పెడన అచ్చులు
ఆదివారం, ఉదయం 10:00

అడుగు వెడల్పు కావాలంటే పక్క కుట్టు, అడుగు కుట్టు ఒకదాని మీద ఒకటి వచ్చేలా మూలను నొక్కి పట్టండి, మూల త్రికోణంగా అవుతుంది. కొస నుంచి కిందికి దిగుతూ త్రికోణం రెండు అంగుళాల వెడల్పు అయ్యే చోట అడ్డంగా సుద్ద గీత గీసి కుట్టండి. గీత ఎంత పొడవో అడుగు అంత వెడల్పు వస్తుంది. పై గుడ్డకు రెండు, లైనింగ్‌కు రెండు, మొత్తం నాలుగు మూలలు. మీ కొలతకు పౌచ్ పొడవు పైన 9 ఉన్నా అడుగున 7 అవుతుంది, ఎత్తు ఒక అంగుళం తగ్గుతుంది. తాంబూలంలో పెట్టడానికి అది సరైన కొలత, రవికె గుడ్డ కూడా మడిచి లోపల పెట్టొచ్చు.


తొక్కుడు మిషన్
ఆదివారం, మధ్యాహ్నం 12:30

రన్నింగ్ జిప్పుకు రన్నర్ ఎక్కించడం చాలామందికి కష్టమవుతుంది, అందుకు చెబుతున్నాను. అన్నం తినే ఫోర్కు ఒకటి తీసుకో. దాని మధ్య ముళ్ళకు రన్నర్‌ను, జిప్పు దూరే రెండు నోళ్ళు పైకి ఉండేలా తగిలించి, ఫోర్కు కాడ మోకాళ్ళ మధ్య పట్టుకో. జిప్పు రెండు పట్టీల కొసలు సమంగా కోసి, రెండు నోళ్ళలోనూ ఒకేసారి పెట్టి కిందికి లాగు. ఒక కొస ముందు, ఒక కొస వెనక పోతే జిప్పు వంకర మూసుకుంటుంది, తీసి మళ్ళీ పెట్టు. ఎక్కాక కొసల దగ్గర అడ్డంగా నాలుగు చేతి కుట్లు వెయ్యి, లేకపోతే చెవులు కుట్టేలోపు రన్నర్ జారి కింద పడుతుంది.

రోజుకు నాలుగైదు గంటలు తొక్కుతావు కాబట్టి పొద్దున్నే రంధ్రాల్లో ఒక్కో చుక్క మిషన్ నూనె వేసి, పాత గుడ్డ మీద రెండు నిమిషాలు కుట్టు. లేకపోతే నూనె మరక కలంకారీకి అంటుతుంది. బాబిన్ కేసు కింద పేరుకున్న దూది కూడా తీసెయ్యి.


హాస్టల్ సూది
మంగళవారం, రాత్రి 9:00

నా కళ్ళజోడు పౌచ్ అయిపోయింది! నాలుగు రాత్రులు పట్టింది. లోపల అమ్మమ్మ చీర ముక్క పెట్టాను. జిప్పు దగ్గర నువ్వుగింజ కుట్లు వరంగల్ అక్క చెప్పినట్టే వచ్చాయి. తిప్పడానికి వదిలిన సందు మూయడానికి ఏ కుట్టు వేయాలి? పైకి కనపడకూడదు.


సీదా ఉల్టా
మంగళవారం, రాత్రి 9:20

సందు అంచులు రెండూ లోపలికి మడిచి ఇస్త్రీ చెయ్యి. ఒక మడతల సూదిని కొంచెం దూరం నడిపించి, ఎదురు మడతల నుంచి అంతే దూరం నడిపించు. నిచ్చెన మెట్ల లెక్క దారం అటు ఇటు పోతది. నాలుగు కుట్లకోసారి మెల్లగ లాగితే రెండు మడతలు కలిసిపోతయి, దారం లోపల దాక్కుంటది. మీ అమ్మకు ఇచ్చినంక ఏమన్నదో మాకు రాయి.


తెనాలి కుట్లు
తర్వాతి గురువారం, రాత్రి 11:30

పదిహేడు అయ్యాయి. కోత, చెవులు, జిప్పులు అన్నీ ఒకేసారి చేయడం వల్ల ఇప్పుడు పక్కలు కుట్టి తిప్పడమే మిగిలింది. ఒకదానికి నిజంగానే జిప్పు మూసి కుట్టేశాను, లైనింగ్ సందులోంచి వేలు పెట్టి రన్నర్ జరపగలిగాను. ఒక రన్నర్ రెండుసార్లు లాగేసరికి నోరు తెరుచుకుంది, మార్చాను. 25 తెమ్మన్నది మంచిదైంది.

మిగిలిన నాలుగూ ఆదివారానికి పూర్తి చేస్తాను. మా అమ్మ మంగళగిరి కొంగు పౌచ్‌కు ఒక ప్రశ్న. నిజాం అంచు జరీ ఉంది. బక్రం వేడికి జరీ నల్లబడుతుందా?


డల్లాస్ దారం
శుక్రవారం, ఉదయం 5:50

నేరుగా పెట్టకండి. చీర తిరగవైపు బక్రం, దాని మీద పలుచటి నూలు గుడ్డ, ఆ పైన ఇస్త్రీ, సగం వేడి. ముందు కొంగు చివర కనపడని అంగుళం ముక్క మీద చేసి చూడండి. మడతల దగ్గర పాత చీర పలచబడి ఉంటుంది కాబట్టి వెలుతురుకు ఎత్తి చూసి, ఆ గీత తప్పించి కోయండి. జరీ అంచును జిప్పు దగ్గర కాకుండా అడుగుకు కొంచెం పైన వచ్చేలా పెట్టుకుంటే రన్నర్ రాసుకుని పోగులు లేవవు.


తెనాలి కుట్లు
శుక్రవారం, ఉదయం 7:05

సరేనండీ, అంచు కిందికే పెడతాను. కొంగు వెలుతురులో పట్టి చూశాను, మడత గీతలు రెండు ఉన్నాయి. వాటి మధ్యన 11 అంగుళాలు దొరుకుతోంది.